ఈనెలు లెక్కపెట్టాక

దసరా సెలవుల ఆఖర్లో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తువాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. మంచాలు, బీరువా, ఫ్రిజ్ అన్నీ లారీ ఎక్కాయి. చేపల తొట్టి ఒక్కటే ఎక్కలేదు, దాన్ని మా ఎదురింటివాళ్ళకి ఇచ్చి వెళ్ళారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు, ఒక మోటారు, ప్లాస్టిక్ మొక్క, నోట్లోంచి బుడగలు వదిలే మొసలి బొమ్మ. ఇంతేననుకున్నారు. రెండో రోజు రాత్రి దీపం ఆర్పాక, మొసలి వెనకనుంచి నాలుగో ప్రాణి పాక్కుంటూ బయటికొచ్చింది.

తెల్లారేసరికి తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల ఫోను పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "సార్, ఇది చేపేనా? గోడమీద బల్లిలా అద్దానికి అతుక్కుపోయింది. తోస్తే కదలట్లేదు." ఫోనులోని యాప్‌ని అడిగితే మూడుసార్లకి మూడు పేర్లు చెప్పిందట. వీధి చివర అక్వేరియం షాపాయన మాత్రం ఫొటో సరిగ్గా చూడకుండానే తేల్చేశాడు: "అది సక్కరమ్మా. క్లీనర్ ఫిష్. తొట్టిలో చెత్తంతా అదే తినేస్తుంది. మేత కూడా వెయ్యక్కర్లేదు."

ఆయన చెప్పిన వాటిలో ఒక్క ముక్కా పనికొచ్చేది కాదు. సక్కర్ అన్నది పేరు కాదు, వృత్తి. పాలబ్బాయి అన్నామంటే ఆ అబ్బాయి ఏం పని చేస్తాడో తెలుస్తుంది కానీ ఎవరబ్బాయో తెలీదు కదా. నోటితో అద్దానికి అతుక్కుని పాకుడు గీకే చేపలన్నిటినీ షాపుల్లో సక్కర్ అనే అంటారు. వాటిలో బొటనవేలంత కూడా పెరగని ఓటోసింక్లస్ ఉంది. మూతి మీద కొమ్మల్లాంటి పిలకలు మొలిచే, జానెడు కూడా దాటని బ్రిస్టల్‌నోస్ ఉంది. ఆగ్నేయాసియా నదుల నుంచి వచ్చిన గైరినోకైలస్ ఉంది. బంగారు రంగు పిల్లలుగా అమ్మే ఈ మూడోది పెద్దదయ్యేకొద్దీ పాకుడు మానేసి పక్క చేపల మీద పడుతుంది. ఇవిగాక, మూరెడు దాటేవి వేరే ఉన్నాయి. వేలెడంత ఉన్నప్పుడు వీటిని అమ్మేది ఒకే ధరకి, ఒకే పేరుతో.

పేరుతో వచ్చే చిక్కు సక్కర్‌ది ఒక్కదానిదే కాదు. ఎర్రటి పొట్ట, గుండ్రటి ఒళ్ళు ఉన్న చేప పిల్లల్ని 'పిరానా' అని చెప్పి అమ్మడం చాలాచోట్ల చూశాను. కొనుక్కున్న కుర్రాళ్ళు స్నేహితుల్ని పిలిచి, తొట్టిలో వేలు పెట్టమని సవాలు చేస్తారు. నిజానికి అది చాలాసార్లు పాకు అయి ఉంటుంది. మన చేపల బజార్లో రూప్‌చంద్ అంటారే, అదే. ఈ శతాబ్దం మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా వచ్చి ఆంధ్ర చెరువుల్లో స్థిరపడింది. వేపుడుకి బాగుంటుంది. చిన్నప్పుడు దాని రంగు, ఆకారం అచ్చం పిరానావే. తేడా పళ్ళలో ఉంది. పిరానా పళ్ళు రంపంలా మొనదేలి ఉంటాయి. కింది దవడ బుల్‌డాగ్‌లా ముందుకి పొడుచుకొస్తుంది. పాకు పళ్ళు మన దంతాల్లా చదును, కాయలూ గింజలూ నమలడానికి. ఇంట్లో పెంచుతున్నది నరభక్షకి అని మురిసిపోయేవాడికి, ఊరి చివర చెరువులో అదే చేపని టన్నులకొద్దీ పెంచుతున్నారని చెప్పడం నాకెప్పుడూ ఇబ్బందే.

సరే, మన నాలుగో ప్రాణి సంగతి. ఆ పిల్లకి ముందుగా చెప్పింది రంగుని నమ్మవద్దని. చేప రంగు భయపడితే పాలిపోతుంది, నల్లరాళ్ళ మీద ముదురుతుంది, దీపం ఆర్పితే ఇంకోలా ఉంటుంది. యాప్ తడబడ్డదీ అక్కడే. మారనివి చూడాలి: నోరు ఎటు తిరిగి ఉంది, ఒంటి మీద ఉన్నది పొలుసా పలకా, రెక్కలు ఎన్ని, రెక్కలో ఈనెలు ఎన్ని.

నోటితో మొదలుపెట్టాం. చేప నోరు ఎటు తిరిగి ఉందో చూస్తే చాలావరకు అది ఎక్కడ మేస్తుందో చెప్పొచ్చు. మన బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పై పొరలో మేస్తుంది. శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఈ మూడింటినీ ఒకే చెరువులో వేసి పెంచే పద్ధతికి ఆధారం ఇదే, ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు. మనవాడి నోరు పూర్తిగా కిందికి ఉంది. పెదాలు రెండూ కలిసి గుండ్రటి గిన్నె మూతలా అద్దాన్ని కరుచుకున్నాయి. ఆ పిల్ల చప్పున అడిగింది: "నోరు అతుక్కుంటే నీళ్ళెలా పీలుస్తుంది సార్?"

మంచి ప్రశ్న. చేప ఊపిరి పీల్చడమంటే నోట్లోకి నీళ్ళు తీసుకుని మొప్పల్లోంచి వదలడం. నోరే మూతపడితే? గైరినోకైలస్‌కి దీనికోసం మొప్ప పైన విడిగా ఒక కంత ఉంటుంది. నీళ్ళు దాన్లోంచి లోపలికొస్తాయి. మన చేప జాతికి ఆ కంత లేదు. చిన్న మీసాలు రెండు పెదవి మూలల్లో ఉంటాయి, వాటి వెనక సన్నటి గాడి. అద్దానికి అతుక్కున్నప్పుడు ఆ గాడిలోంచే కొద్దికొద్దిగా నీళ్ళు లోపలికి వెళ్తాయి. లోపల ఒక కవాటం పెదాల గిన్నెనీ నోటినీ వేరు చేస్తుంది కాబట్టి ఊపిరి ఆడుతున్నా పట్టు సడలదు. టార్చి పక్కనుంచి వేసి, భూతద్దంతో ఆ గాడిని చూశాం. ఆ పూట పిల్ల బడికి ఆలస్యంగా వెళ్ళింది.

సాయంత్రం దాన్ని బయటికి తీశాం. వలతో కాదు. దీని రెక్కల ముందు ముళ్ళు ఉంటాయి, వలలో చిక్కుకుంటే వలో రెక్కో తెగాల్సిందే. ఖాళీ హార్లిక్స్ సీసా నీళ్ళలో ముంచి, నెమ్మదిగా దాన్లోకి తోలాం. సీసాలోకి వస్తూ కిర్రుమంది. ముల్లుని దాని మడతలో రాపిడి చేసి తీసే చప్పుడు అది. చాలా జెల్లలకి ఈ విద్య తెలుసు.

సీసా గోడకి స్కేలు పెట్టి కొలిస్తే 11 సెంటీమీటర్లు. పొలుసులు లేవు. ముక్కు నుంచి తోకదాకా ఎముక పలకలు వరసలు వరసలుగా, ఇంటి పెంకుల్లా ఒకదాని మీదకొకటి. తోకవైపు నుంచి తలవైపు వేలు రాస్తే ఉప్పుకాగితంలా గరగర. ఆ గరుకు సంగతి కాస్త విచిత్రం. ఆ పలకల మీద మొలిచినవి నిజంగా పళ్ళే, లోపల గుజ్జు, దాని చుట్టూ దంతధాతువు, మన నోట్లో ఉన్నట్టే. ఒళ్ళంతా పళ్ళున్న చేప. వీపు రెక్కకీ తోకకీ మధ్య చిన్న ముల్లు ఆసరాగా నిలబడ్డ మరో బుల్లి రెక్క ఉంది. కంట్లో నల్లగుడ్డు గుండ్రంగా లేదు. వెలుతురు పడగానే పైనుంచి ఒక పొర కిందికి దిగి, దాన్ని గుర్రపు నాడాలా మార్చేసింది.

ఇన్ని కలిస్తే కుటుంబం తేలిపోయినట్టే. లోరికారిడే. దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నదుల పలకల జెల్లలు. జెల్లల్లో ఇంతకన్నా పెద్ద కుటుంబం లేదు. వీటిలో ఎన్ని రకాలున్నాయంటే, బ్రెజిల్ నుంచి వచ్చేవాటికి పేర్లు పెట్టడం శాస్త్రవేత్తల వల్ల కాక, 1988లో ఒక జర్మన్ అక్వేరియం పత్రిక ఎల్-1, ఎల్-2 అని నంబర్లు వేయడం మొదలెట్టింది. బస్సులకి వేసినట్టు. నేటికీ వ్యాపారం ఆ నంబర్లతోనే నడుస్తోంది.

కుటుంబం దాకా రావడం సులువే అనుకోకండి. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి నేర్పిన లినేయస్ అంతటివాడు ఇక్కడే బోల్తాపడ్డాడు. 1758లో ఈ కుటుంబంలోని ఒక చేప నమూనా ముందు పెట్టుకుని, కింద నోరు, ఒంటిమీద ఎముక పలకలు చూసి, దాన్ని స్టర్జన్ల జాతిలో పడేశాడు. స్టర్జన్ అంటే కేవియర్ గుడ్లిచ్చే చల్లనీళ్ళ చేప. దానికీ దీనికీ చుట్టరికం చాలా దూరం. వేరువేరు వంశాలు వేరువేరు నీళ్ళలో ఒకే కవచం తొడుక్కున్నాయి. లినేయస్ చూసిన లక్షణాలు తప్పు కాదు, వాటికి ఇచ్చిన విలువ తప్పు. ఆ చేప జాతి తర్వాత మారి, ఈనాడు హైపోస్టోమస్ ప్లెకోస్టోమస్ అయింది. అక్వేరియం పుస్తకాల్లో 'కామన్ ప్లెకో' అన్న ముద్దుపేరు అక్కడినుంచి వచ్చిందే. తమాషా ఏమిటంటే, ఆ పేరుతో దుకాణాల్లో దొరికేది చాలావరకు ఆ చేప కాదు.

తేల్చుకునే మార్గం వీపు మీద ఉంది. వీపు రెక్క విచ్చుకున్నప్పుడు విసనకర్రలా ఉంటుంది, లోపల ఈనెలు కనిపిస్తాయి. మొదటిది ఈనె కాదు, గట్టి ముల్లు. దాన్ని వదిలేసి లెక్కపెట్టాలి. హైపోస్టోమస్ అయితే సాధారణంగా 7. టెరిగోప్లిక్తిస్ అనే జాతి అయితే 10 పైనే, ఎక్కువగా 11 నుంచి 13. ఆ జాతి పేరు గ్రీకు మాటల కూర్పు, రెక్క, కవచం, చేప అని.

సీసాలో ఉన్నది రెక్క ముడుచుకుని కూర్చుంది. పావుగంట ఎదురుచూశాం. తీరా విప్పాక ఆ పిల్ల 13 అంది, నేను 12 అన్నాను. ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, చివరి ఈనె మొదట్లోనే చీలి రెండుగా కనబడుతోంది. దాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలి. 12. టెరిగోప్లిక్తిస్.

ఇంకో మెట్టు దిగొచ్చు. సీసా ఎత్తి కిందనుంచి పొట్ట చూస్తే, విడివిడి చుక్కలుంటే పార్డాలిస్, అంటే చిరుతపులి మచ్చలది. చుక్కలు ఒకదాన్లోకొకటి కలిసి పురుగులు పాకినట్టు గీతలైతే డిస్‌జంక్టివస్. మా చేప పొట్ట ముందు సగం చుక్కలు, వెనక సగం గీతలు. ఆసియాకి చేరిన ఈ చేపల్లో ఇలా రెండూ కలగలిసినవి ఎక్కువే. సంకరాలు కావచ్చునని పరిశోధకుల మాట. ఆ పిల్ల మొహం చిన్నబోయింది, ఇంత కష్టపడీ పూర్తి పేరు రాలేదని. నాకైతే దిగులేం లేదు. పార్డాలిస్ అయినా, డిస్‌జంక్టివస్ అయినా, ఉంచుకోవాలా వద్దా అన్నదానికి జవాబు ఒకటే. ఏడు ఈనెలదా, పన్నెండు ఈనెలదా అన్నంతవరకు వెళ్తే చాలు. అంతకు పైన కుతూహలం, అదీ మంచిదే.

ఇప్పుడు లెక్క. టెరిగోప్లిక్తిస్ పెద్దయితే 40 సెంటీమీటర్లు మామూలు. మా వాళ్ళ తొట్టి వెడల్పు 30 సెంటీమీటర్లు. అంటే ఈ చేప నిండుగా పెరిగాక ఆ తొట్టిలో వెనక్కి తిరగలేదు. ఇంకేం చెప్పక్కర్లేదు కానీ, పొడవుతో మోసపోతాం కాబట్టి ఇంకొక్కటి చెబుతాను. 5 సెంటీమీటర్ల పిల్ల 40 సెంటీమీటర్లయితే పొడవు పెరిగింది 8 రెట్లు. ఒళ్ళు పొడవుతో పాటు వెడల్పూ, లావూ పెరుగుతుంది కాబట్టి బరువు 8 ఇంటూ 8 ఇంటూ 8, అంటే 512 రెట్లు. తినేదీ, విసర్జించేదీ బరువుని బట్టే. కవర్లో కొనుక్కొచ్చింది ఒక చేపని, బరువు లెక్కన పెంచాల్సింది ఆ సైజువి అయిదొందల చేపల్ని.

"చేప తొట్టిని బట్టి పెరుగుతుందంటారు కదా సార్?" అంది. అందరూ అంటారు. చిన్న తొట్టిలో చేప గిడసబారేది ఇంగితంతో కాదు, తన మలినాల్లో తానే బతకాల్సి రావడం వల్ల. ఇరుకు గదిలో పెంచిన పిల్లవాడు పొట్టిగా ఉంటే, గదికి తగ్గట్టు ఎదిగాడని ఎవరూ మెచ్చుకోరు.

మలినం అంటే ముఖ్యంగా అమోనియా. చేప దాన్ని మొప్పల ద్వారా వదులుతుంది. ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద కాపురముండే బాక్టీరియా ఒక రకం దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, మూడోది కాస్త నయం. దాన్ని మనం వారంవారం కొంత నీరు మార్చి బయటికి పంపాలి. బోరు నీళ్ళకి సాధారణంగా క్షారగుణం ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషరూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. ఇప్పుడు షాపాయన మాట గుర్తుచేసుకోండి, చెత్తంతా తినేస్తుందట. తిన్నది ఎక్కడికి పోతుంది? తొట్టిలోకే. పాకుడు పుట్టేది వెలుతురు, నైట్రేటుల వల్ల. పాకుడు తినే పెద్ద చేప పాకుడికి ఎరువు వేసే చేప కూడా. పైగా మేత వెయ్యకపోతే రాత్రిపూట నెమ్మదిగా కదిలే గోల్డ్‌ఫిష్ పక్కలకి అతుక్కుని జిగురు పొర గీకుతుంది. మూడు గోల్డ్‌ఫిష్‌లలో ఒకదాని పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆ రాత్రికే చేపని స్టీలు బకెట్లోకి మార్చాం, గాలి గొట్టం పెట్టి, పైన జల్లెడ బోర్లించి.

మర్నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ పిల్ల నాయనమ్మగారు తేలిగ్గా తేల్చేశారు. "మేష్టారూ, ఎందుకొచ్చిన గొడవ. బందరు కాలవ నాలుగు అడుగుల దూరం. వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుంది. మనకింత పుణ్యం."

ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. అసలు చిక్కంతా ఆ మంచి మనసుతోనే వచ్చింది. ఇది మన కాలవలో చచ్చిపోయే చేప అయితే పాపం ఒక్క చేపతో పోయేది. చావదు. నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటితే పైకొచ్చి గాలి మింగుతుంది. దీని జీర్ణాశయం గోడల్లో సన్నటి రక్తనాళాల అల్లిక ఉంది, కడుపే ఊపిరితిత్తి. తడిగా ఉంటే గట్టు మీద గంటలకొద్దీ బతుకుతుంది. మగది గట్టులో మీటరు లోతు దాకా బొరియ తవ్వుతుంది. ఆడది అందులో వందలకొద్దీ గుడ్లు పెడితే మగది కాపలా కూర్చుంటుంది. అలాంటివి వరసగా తవ్వితే కాలవ గట్టు ఏమవుతుందో డెల్టా రైతుకి చెప్పాలా? బందరు కాలవ నీళ్ళు ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి కృష్ణా జిల్లా పొలాలకీ, మంచినీళ్ళ చెరువులకీ వెళ్తాయి. బ్యారేజీ దగ్గర వదిలిన చేపకి అది రహదారి.

మెక్సికోలో బాల్సాస్ నది మీద ఇన్ఫియర్నిల్యో అనే జలాశయం ఉంది. ఒకప్పుడు తిలాపియా చేపకి దేశంలోనే పేరున్న చోటు. ఈ పలకల జెల్ల చేరాక వలల్లో తిలాపియా తగ్గి ఇవే నిండాయి, జాలర్ల బతుకులు తలకిందులయ్యాయి. వాళ్ళు దానికి 'పెజ్ దియాబ్లో' అని పేరు పెట్టారు. మన జాలర్లు ఆ మాట విని ఉండరు, అయినా పెట్టింది అదే పేరు: దెయ్యం చేప. ముళ్ళు వలని చింపేస్తాయి, కొనేవాడు ఉండడు. బంగ్లాదేశ్ 2023లో ఈ చేపని నిషేధించింది. ఫ్లోరిడాలో ఇవి మానటీలనే పెద్ద నీటి జంతువుల వీపుల మీద ఎక్కి పాకుడు గీకుతుంటాయి. పుట్టింటి అమెజాన్‌లో మాత్రం దీని మీద ఎవరికీ కోపం లేదు. అక్కడ బోడో అని పిలిచి, పెంకుతో సహా నిప్పుల మీద కాల్చుకుని తింటారు.

హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు తూర్పు కనుమల్లో ఈ చేప ఎక్కడెక్కడ ఉందో వెతికిన తీరు నాకు భలే నచ్చింది. వల వెయ్యలేదు, ఈనెలు లెక్కపెట్టలేదు. చెరువుల్లోంచి, వాగుల్లోంచి నీళ్ళు తెచ్చి వడకట్టారు. చేప తిరిగిన నీళ్ళలో దాని జిగురు, మలం, రాలిన కణాలు ఉంటాయి, వాటిలో డీఎన్ఏ ఉంటుంది. ఆ తునకల్ని బట్టి, చేప కంటబడకుండానే దాని ఉనికిని పట్టేశారు. వెతికిన చోట్లలో సగానికి పైగా దొరికింది. వాటిలో ఎన్ని, ఎవరో పుణ్యానికి పోయి వదిలినవో.

నాయనమ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చంపేస్తారా?" అన్నారు. అదీ ఒక దారే, దాచడం దేనికి. పశువైద్యులు లవంగ నూనెలో ఉండే యూజినాల్‌తో చేపలకి మత్తిస్తారు, మోతాదు పెంచితే మత్తులోనే పోతుంది. కాలవలో వదలడంకన్నా అది నూరుపాళ్ళు నయమని నా అభిప్రాయం. అందాకా రాకూడదనే కోరుకున్నాను. షాపుకి తిరిగివ్వడం ఇంకో దారి. షాపాయన తీసుకుంటానన్నాడు కూడా. మళ్ళీ ఎవరి రెండడుగుల తొట్టిలోకో సక్కర్ పేరుతోనే వెళ్తుందని ఆ పిల్ల ఒప్పుకోలేదు. సొంతంగా ఉంచుకోవాలంటే కనీసం ఆరడుగుల తొట్టి కావాలి. నీళ్ళతో కలిపి ఆ బరువు అరటన్ను దాటుతుంది. ఓనరు ఆ మాట వింటేనే అద్దె పెంచుతాడని వాళ్ళ నాన్న నవ్వాడు. పైగా ఈ చేపలు పదేళ్ళ పైన బతుకుతాయి. అప్పటికి ఆ పిల్ల ఏ ఊళ్ళో ఉంటుందో.

పది రోజులు ఫోన్లు చేస్తే గుణదలలో ఒకాయన దొరికాడు. ఆరడుగుల తొట్టిలో ఆస్కార్ చేపలు పెంచుతున్నాడు, కిందన పెద్ద ఫిల్టరు ఉంది. బకెట్ ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. ఆయన తొంగిచూసి, "ఓ, సక్కరా!" అన్నాడు. ఆ పిల్ల టార్చి తీసి, వీపు రెక్క చూపించి, "ముల్లు వదిలేసి లెక్కపెట్టండి అంకుల్" అంది. పాపం, ఆయన వంగి లెక్కపెట్టాడు. 13 అన్నాడు.

ఉగాదికి చూసొచ్చాం. పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ఇక్కడ గోల్డ్‌ఫిష్ పక్కన మచ్చ మానింది. తొట్టి అద్దాలకి పాకుడు పడుతూనే ఉంది. నెలకోసారి ఆ పిల్ల వాళ్ళ నాన్న పాత ఏటీఎం కార్డుతో గీకేస్తోంది.